ఎలుగుబంటి మాట్లాడదు

మా అత్తగారు అన్నంత పనీ చేసే మనిషి. ఇలాంటి మాట చాలామంది గురించి అంటారు గానీ, మా అత్తగారి విషయంలో సాక్ష్యం ఆవిడ తల మీదే ఉంది. "ఇంకొక్క సిగరెట్టు కాల్చారంటే నా జడ కత్తిరించేసుకుంటాను" అని పెళ్ళయిన కొత్తలో మామగారితో అందట. ఆయన నవ్వేసి కాల్చారు. ఆవిడ బట్టలు కోసే పెద్ద కత్తెర అందుకుని అక్కడికక్కడే జడ కత్తిరించేసుకుంది. ఆ రోజు నుంచి మామగారు సిగరెట్టు ముట్టలేదు, ఆవిడ జడ పెంచలేదు. మెడ దాకా కూడా రాని ఆ జుట్టు వైపు చూపు పోయినప్పుడల్లా మామగారికి ఇప్పటికీ దగ్గొస్తుంది.

అలాంటి మనిషి, నేను ఈ ఇంటికి రాకముందు, మురుగుకాలవ పొంగి షాపులోకి నీళ్ళొచ్చినప్పుడు అన్న మాట ఇది: "ఇంకొక్కసారి ఈ షాపులో ఒక్క బట్ట తడిసినా తాళం వేసేస్తాను. అంతే."

మాది వేషాలు అద్దెకిచ్చే షాపు. రాజు కావాలన్నా, పోలీసు కావాలన్నా, కుందేలు కావాలన్నా మా దగ్గరికే రావాలి. బళ్ళో నాటకాలకీ, ఆఫీసు సంబరాలకీ, పిల్లల పుట్టినరోజులకీ అందరూ మా గుమ్మమే ఎక్కుతారు. ప్రతి బట్టా అత్తగారు కుట్టిందే. కాలవ పొంగిన ఏడాది కింది వరస మొత్తం పోయిందట, సైనికులతో సహా. తడిసినవాటిలో బతికి బయటపడింది రాణి గౌను ఒక్కటే. జుట్టు ఆరబెట్టుకునే మెషీను పెట్టి ఆ వెల్వెట్‌ని పోగు పోగూ ఆరబెడుతూ, అన్నం కూడా మానేసి కూర్చుందట ఆవిడ.

ఇక నా సంగతి. నేను ఈ షాపుకి చెట్టుగా వచ్చాను. మా ఆఫీసు నాటకంలో నాకు దొరికిన పాత్ర అది. కొమ్మలు బిగించింది మా ఆయన. "ఊపిరాడుతోందా?" అని అడిగారు. ఆడటం లేదు, కానీ తప్పు కొమ్మలది కాదు. అలా చెట్టుగా వచ్చి కోడలిగా ఉండిపోయాను.

నా ఉద్యోగం ఏమిటంటే, కంపెనీలకి ఏ ఉపద్రవమైనా వస్తే పని ఆగిపోకుండా ముందుగానే ఏర్పాట్లు రాసివ్వడం. ఏది పోతే ఏది ఆగుతుంది, దానికి బదులు ఎక్కడుంది, ఎవరు ముందు పరిగెత్తాలి, ఇలాంటివి. ఊళ్ళోవాళ్ళ కంప్యూటర్లు కాలిపోతే ఏం చెయ్యాలో రాసిచ్చి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేదాన్ని. ఈ షాపు గురించి ఆలోచిస్తే మాత్రం నిద్ర పట్టేది కాదు. సెలవు రోజు చేతిలో పని లేకపోతే ఇంట్లో కర్టెన్లకి కొలతలు తీసే మనిషి మా అత్తగారు. మెళ్ళో టేపు లేకపోతే ఆవిడకి ఏమీ తోచదు. షాపుకి తాళం పడితే ఆవిడ ఏమైపోతుందో తలుచుకుంటే నాకు నిజంగా భయమేసేది.

ఒక సెలవు రోజు అందర్నీ కూర్చోబెట్టాను. అందరూ అంటే ముగ్గురు మగాళ్ళు. మామగారు ఇస్త్రీ, కౌంటరు చూస్తారు. ఇంట్లో ఉన్నా చొక్కా పై గుండీ విప్పని హుందా మనిషి. బావగారు మరమ్మతులు చూస్తారు. జిప్పులు, తోకలు, కొమ్ములు, గోడకి మేకులు, అన్నీ ఆయనవే. మనిషి పెద్దగా మాట్లాడరు. ఆ లోటు మా ఆయన తీరుస్తారు.

"రేపు షాపులోకి నీళ్ళొచ్చాయనుకోండి. మొట్టమొదట ఏం చెయ్యాలి?" అన్నాను.

"మీ అత్తయ్యకి చెప్పకూడదు" అన్నారు మామగారు, ఆలోచించకుండా.

"అది తర్వాత సంగతి మామయ్యా. మొదటిది?"

"మొదటిదీ అదే" అన్నారు మా ఆయన. బావగారు తలూపారు.

"ఇన్సూరెన్సు ఉందిగా అమ్మా" అన్నారు మామగారు మళ్ళీ.

"ఇన్సూరెన్సువాళ్ళు డబ్బిస్తారు మామయ్యా. అత్తయ్య చేత మాట వెనక్కి తీయిస్తారా?"

మామగారికి దగ్గొచ్చింది.

సామాను ఎక్కడికి చేరవెయ్యాలన్నది తేలిగ్గానే తేలింది. రెండు వీధుల అవతల మామగారి స్నేహితుడి డ్రైవింగ్ స్కూలు ఉంది. దాని మేడ మీద పెద్ద హాలు ఖాళీగా పడుంటుంది. ఎలా చేరవెయ్యాలన్నదే తేలలేదు. మా సందులోకి వ్యాను రాదు. గోనెసంచుల్లో కూరి మోసేద్దాం అన్నారు మా ఆయన.

"సంచుల్లో కూరతావురా? నా వెల్వెట్‌ని?" అని పక్కగదిలోంచి కేక వినిపించింది. అత్తగారు వింటూనే ఉందన్నమాట. "మడతపెడితే చస్తుంది అది! బట్టకి అసలైన హ్యాంగరు మనిషే. ఆ మాత్రం తెలీకుండా నా కడుపున ఎలా పుట్టావు?"

ఆ మాట వినగానే నేను లేచి నిలబడ్డాను. అంతే కదా! మొయ్యడం ఎందుకు? వేసుకుంటే సరి. ఒంటి మీద ఎన్ని పడితే అన్ని వేసుకుని నడిచి వెళ్ళిపోవడమే. ఎవరి ఒంటికి ఏవి సరిపోతాయో, దేని మీద ఏది వెయ్యాలో రాసి ట్రయల్ రూములో అద్దం మీద అతికించాను. నా ఉద్యోగంలో ఇంత చక్కటి ప్లాను ఎప్పుడూ రాయలేదు.

మర్నాడే రిహార్సల్ పెట్టాం. అక్కడ తెలిసొచ్చింది ఈ కుటుంబంతో వచ్చిన చిక్కు.

మా షాపులో ఒక రూలుంది. వేషం వేసుకున్నవాళ్ళు ఆ వేషానికి తగ్గట్టు ఉండాలి. రాజు బట్టలేసుకుని గూని నడక నడిస్తే అత్తగారికి ఒళ్ళు మండిపోతుంది. కుట్టిన చేతిని అవమానించినట్టే అంటుంది. పిల్లలిద్దర్నీ ఉగ్గుపాలతో పాటు ఈ రూలు పోసి పెంచింది. సైనికుడైతే వంగకూడదు. జోకరైతే ఏడవకూడదు. రాజో రాణో మాట్లాడితే ఎవరూ ఎదురు చెప్పకూడదు. జంతువైతే, ప్రాణం పోతున్నా సరే, నోరు విప్పకూడదు. బావగారు చిన్నప్పుడు గాడిద వేషంలో ఉండగా తేలు కుట్టిందట. గాడిద కూత కూశాడే తప్ప అమ్మా అనలేదని అత్తగారు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

రిహార్సల్లో నేను ఈల వేశాను. మా ఆయన మూడు వేషాల మీద రాజు అంగీ తొడుక్కుని, పరిగెత్తడం మానేసి, "ఎవరక్కడ!" అని కేకేశారు. బావగారు ఎలుగుబంటిలో దూరి, అటూ ఇటూ ఊగుతూ, అలమరని వాసన చూశారు. మామగారు బయటికి వేషం వేసుకు వెళ్ళనని ససేమిరా అని, చివరికి పోలీసు చొక్కాకి ఒప్పుకుని, దాని కింద నాలుగు కోట్లు వేసుకుని గుమ్మంలో ఇరుక్కుపోయారు. ముందు నుంచి లాగుదామంటే బయటికి దారి ఆయనే. వెనక నుంచి తోస్తే పోలీసుని తోస్తారా అని ఆయనకే కోపం. అత్తగారు కుట్టు మిషను దగ్గర కూర్చుని, "భుజాలు! భుజాలు దించకండి!" అని అరుస్తోంది. నేను నవ్వలేక చచ్చాను. డొక్కలు పట్టుకుని నేల మీద కూలబడ్డాను.

లావుపాటివన్నీ గుమ్మం దాటాకే తొడుక్కోవాలని ప్లాను మార్చాను. హుక్కులు వీపు వైపు ఉంటాయి గనుక ఒకరికొకరు పెట్టాలని రాశాను. ఇంకేం, తిరుగులేదనుకున్నాను. నీళ్ళు కింది నుంచే వస్తాయని నా లెక్క. పై నుంచి కూడా వస్తాయని నా బుర్రకి తట్టలేదు.

అవి బళ్ళో నాటకాలు జోరుగా సాగే రోజులు. ప్రతి వేషమూ ఇస్త్రీ అయి షాపులోనే వేలాడుతోంది. అత్తగారు కళ్ళజోడు మార్చుకోవాలని కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళింది. బావగారు ఎలుగుబంటికి కొత్త జిప్పు వేసి, ఎలా ఉందో చూద్దామని లోపల దూరారు. ఆ ఎలుగుబంటికి తలా ఒళ్ళూ ఒకటే, పంజాలు కూడా కలిపి కుట్టినవే, జిప్పు మెడ వెనక. నేను వెనక నుంచి జిప్పు పైకి లాగాను. పైకి వెళ్ళింది, అక్కడ బిగుసుకుంది, ఇక ఎంత లాగినా కిందికి రాలేదు. సబ్బు తేవడానికి వెళ్తుంటే నా మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది.

తలెత్తి చూశాను. సీలింగు మధ్యలో పొట్ట పెరిగినట్టు కిందికి ఉబ్బి ఉంది.

అప్పుడే మేడ మీది పళ్ళ డాక్టరుగారు దబదబా మెట్లు దిగొచ్చారు. ఒళ్ళంతా తడిసి ముద్దయ్యారు. చేతిలో కుళాయి పిడి ఉంది. కుళాయి లేదు.

"చిన్న ప్రాబ్లం అమ్మా" అన్నారు. పన్ను పీకే ముందు కూడా ఆయన ఆ మాటే అంటారు. "విరిగి చేతికొచ్చేసింది. నీళ్ళు ఎక్కడ కట్టెయ్యాలో నాకు తెలీదు. ఈ పాత బిల్డింగులో ఎవరికి తెలుసో అదీ తెలీదు."

నేను ఈల వేశాను. మా ఆయన ఇస్త్రీ బల్ల మీంచి ఒక్క గెంతు గెంతారు. మామగారు గడియారం వైపు చూశారు. "మీ అత్తయ్య ఈపాటికి బయల్దేరి ఉంటుందమ్మా" అన్నారు.

బావగారు మాత్రం ఎలుగుబంటిలోనే ట్రయల్ రూములోకి పరిగెత్తి, రెండు పంజాలతో అద్దాన్ని దబాదబా బాదడం మొదలుపెట్టారు. అద్దం వైపు చూపించారు, సీలింగు వైపు చూపించారు, మళ్ళీ అద్దాన్ని బాదారు.

"ఆహా, అన్నయ్యా!" అన్నారు మా ఆయన, ఆ కంగారులో కూడా మురిసిపోతూ. "చూశావా? అద్దంలో తనని చూసుకుని ఇంకో ఎలుగుబంటి అనుకుంటున్నాడు!"

"బావగారూ, ఇప్పుడా? రండి!" అని తోక పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. అది పొట్టి తోక. పట్టు దొరకడమే కష్టమైంది.

అసలు కష్టం అది కాదు. ఒళ్ళు తక్కువ, వేషాలు ఎక్కువ. అత్తగారు లేదు, బావగారు ఇరుక్కున్న ఎలుగుబంటి మీద ఇంకేమీ పట్టవు. పళ్ళ డాక్టరుగారి వెనకే ఆయన పేషెంట్లంతా దిగొచ్చి సందులో నిలబడి ఉన్నారు. అప్పుడే ఇంజెక్షన్లు పొడిచారేమో, ఒక్కొక్కరి మూతి ఒక్కో పక్కకి జారిపోయి ఉంది.

"సాయం చేస్తారా అండీ?" అని అడిగాను.

"ఊ... వ్వా... వ్వే" అన్నాడు ముందున్నాయన.

మొద్దుబారిన నోళ్ళు! జంతువులకి ఇంతకన్నా ఎవరు దొరుకుతారు? కుందేలు, నక్క, తోడేలు, గాడిద చకచకా నిండిపోయాయి. పైన అంగీలు, వాటి మీద రెక్కలు, మెడలో టోపీల దండలు. పొడుగాటి పేషెంటు ఒకాయనకి పోలీసు దుస్తులు అతికినట్టు సరిపోయాయి. ఒళ్ళు తుడుచుకున్నాక డాక్టరుగారికి సూర్యుణ్ణి తొడిగాం. నేను ఎప్పటిలాగే చెట్టు. నా కొమ్మలకి దెయ్యాలు, తోకలు, గడ్డాలు తగిలించారు మా ఆయన.

చివరికి హ్యాంగరు మీద రాణి గౌను ఒక్కటే మిగిలింది. సీలింగు పొట్ట సరిగ్గా దాని నెత్తినే ఉంది.

మేమంతా మామగారి వైపు చూశాం. ఆయన పోలీసు చొక్కా అప్పటికే పేషెంటు ఒంటి మీదుంది. పైగా ఆ గౌను ఇంకెవరికీ పట్టదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ప్రతి బట్టా ఆయన ఒంటి మీద పెట్టి చూసుకునే కుట్టేదట. ఆ రాణికి కొలత మామగారే.

"బయటికా? నేనా? ఇది వేసుకునా?" అన్నారు మామగారు. ఎదురుగా ఉన్న ఇస్త్రీ బల్ల వైపు చూశారు. అత్తగారి ఖాళీ కుర్చీ వైపు చూశారు. తర్వాత మెల్లగా చొక్కా పై గుండీ విప్పారు. నేను ఆయన్ని ఎరిగినప్పటి నుంచి ఆ గుండీ విప్పగా చూడటం అదే మొదలు.

మేం సందు దాటుతుంటే వెనక ధబ్బుమని చప్పుడయింది. సీలింగు సగం ఊడిపడింది. షాపులో అప్పటికి ఒక్క నూలుపోగు కూడా లేదు. నేను సంతోషం పట్టలేక కొమ్మలూపాను. ఎవరిదో గడ్డం రాలింది.

మెయిన్ రోడ్డు మీదికి వచ్చాం. ఎండ పెళపెళలాడుతోంది. పోలీసు వేషంలోని పేషెంటు ఆనందం పట్టలేక రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యెత్తారు. నిజంగానే బస్సు ఆగింది! దాని వెనక కార్లు, స్కూటర్లు ఆగాయి. బస్సు డ్రైవరు సెల్యూట్ కూడా కొట్టాడు. బట్టలషాపు వాళ్ళు బట్టలొదిలి, మందులషాపు వాళ్ళు మందులొదిలి గుమ్మాల్లోకొచ్చి నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ముందు సూర్యుడు, వెనక కుందేలు, తోడేలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని. నవ్వుదామంటే వాళ్ళ మూతులు సహకరించడం లేదు. "వ్వా వ్వా" అంటూ ఊగిపోతున్నారు.

అంతా బాగానే ఉంది గానీ, నడక సాగడం లేదు. కారణం రాణి. మామగారు అడుగు తీసి అడుగు వేస్తున్నారు. మెడ నిటారుగా ఉంది. కుచ్చిళ్ళు రెండు వేళ్ళతో పట్టుకున్నారు. ఇటువైపు జనానికి ఒకసారి, అటువైపు జనానికి ఒకసారి తల పంకిస్తున్నారు.

"మామయ్యా, కొంచెం తొందరగా!" అని బతిమాలాను.

"రాణి పరిగెత్తదు" అన్నారాయన. ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. సన్నగా, తీరిగ్గా, వీధంతా తనదే అన్నట్టుంది. "చెట్టు మాట్లాడదు" అని కూడా అన్నారు.

బావగారు ఒక్కరే దారిలో లేరు. నాలుగడుగులు వేస్తారు, వెనక్కి తిరిగి షాపు వైపు పరిగెడతారు. మా ఆయన పట్టుకొస్తారు. మళ్ళీ పరిగెడతారు. చేతులు తిప్పుతారు, ఏదో బిగిస్తున్నట్టు పంజాలు ఆడిస్తారు, నెత్తి కొట్టుకుంటారు. జనం చప్పట్లు కొడుతున్నారు.

"ఏదో చెప్పాలనుకుంటున్నారేమో! బావగారూ, నోరు తెరిచి చెప్పండి!" అన్నాను.

ఎలుగుబంటి తల అడ్డంగా ఊపింది.

"అమ్మ లేదుగా అన్నయ్యా, చెప్పెయ్" అన్నారు మా ఆయన.

ఎలుగుబంటి ఇంకా గట్టిగా అడ్డంగా ఊపింది. నాకు తలప్రాణం తోకకొచ్చింది.

సరిగ్గా అప్పుడు మూల తిరిగి అత్తగారు వచ్చింది.

కళ్ళ డాక్టరు ఏవో చుక్కలు వేసి పంపినట్టున్నాడు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడ తడుముకుంటూ నడుస్తోంది. మమ్మల్ని చూసి ఆగిపోయింది. చూసి అంటే ఏం చూసిందో, రంగులు రంగులుగా ఏదో కదిలినట్టు అనిపించి ఉంటుంది. మేమంతా బిగుసుకుపోయాం. రాణి కూడా కుచ్చిళ్ళు వదిలేసింది.

"ఆ ఎరుపు నాది" అంది అత్తగారు మెల్లగా. "ఆ పసుపు నాది. ఆ బంగారు అంచు..." అని ఆగి, "ఇదంతా నా షాపే కదా?" అంది.

బావగారు ఒక్క ఉదుటున వెళ్ళి ఆవిడ ముందు నిలబడి పంజాలు తిప్పడం మొదలుపెట్టారు. అత్తగారు చేత్తో ఆ బొచ్చు తడిమింది.

"పెద్దాడా?"

ఎలుగుబంటి తలూపింది. ఆవిడ వేళ్ళు తిన్నగా మెడ వెనక్కి వెళ్ళి జిప్పు అందుకున్నాయి. బట్టని ఒక పక్కకి నొక్కి ఒక్క గుంజు గుంజింది. జిప్పు భుజాల దాకా దిగి మళ్ళీ ఆగింది. ఎలుగుబంటి తల వెనక్కి వేలాడింది. లోపలి నుంచి టమాటా పండులా ఎర్రబడ్డ బావగారి మొహం బయటపడింది.

"ఇప్పుడు చెప్పు. ఇప్పుడు నువ్వు ఎలుగుబంటివి కాదు" అంది.

"అమ్మా, పైకి పోయే పైపు మన గోడలోంచే పోతుంది. వాల్వు ట్రయల్ రూము అద్దం వెనకుంది!" అని ఒక్క గుక్కలో అనేసి, బావగారు వెనుదిరిగి పరుగు లంకించుకున్నారు. మా ఆయన కిరీటం, అంగీలు వరసగా నా కొమ్మలకి తగిలించి, బనీను మీద అన్నగారి వెనక పరిగెత్తారు.

అంటే! అద్దాన్ని బాదింది అందుకా! మొదట్లోనే ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఈ ఊరేగింపే ఉండేది కాదు. నాకు కోపం నషాళానికంటింది. కానీ కోప్పడటానికి బావగారు దూరమైపోయారు.

"పైపు, నీళ్ళు" అంది అత్తగారు. "అమ్మాయ్, ఏమేం తడిశాయి?"

"ఒక్కటీ తడవలేదు అత్తయ్యా. ఒట్టు."

ఆవిడ కళ్ళతో చూడలేదు గనుక చేత్తో చూసింది. నా కొమ్మకి వేలాడుతున్న రాజు అంగీ సంకలు పట్టుకుంది. తడి. పోలీసు కాలరు పట్టుకుంది. తడి. కుందేలు వీపు మీద అరచెయ్యి పెట్టింది. పిండితే కారేలా ఉంది. ఆ ఎండలో, ఆ బొచ్చులో, మూడేసి నాలుగేసి కోట్ల కింద మనుషులు ఉడికిపోతే ఇంకేమవుతుంది?

"అది చెమట అత్తయ్యా" అన్నాను.

"చెమట తడి కాదా?" అంది అత్తగారు.

ఇంత చేసి, ఒక్క చుక్క నీళ్ళు తగలకుండా అన్నీ బయటికి తెచ్చి, ఇప్పుడు మా చెమటే మా షాపుకి తాళం వేస్తుందా? కొమ్మలు పట్టుకుని ఏడుద్దామనిపించింది.

అప్పుడు రాణి ముందుకొచ్చింది. వెల్వెట్ నేల మీద జీరాడుతూ, మెడ నిటారుగా పెట్టుకుని, అత్తగారి ఎదుట నిలబడింది.

"మా రాజ్యంలో" అన్నారు మామగారు ఆ సన్నటి గొంతుతో, వీధి చివరిదాకా వినిపించేలా, "చెమటని తడి అనరు. పని అంటారు."

అత్తగారు నోరు తెరిచింది, మూసింది. రాణి మాటకి ఎదురు చెప్పకూడదు. అది ఆవిడ పెట్టిన రూలే. చెయ్యి చాపి గౌను భుజం తడిమింది. నడుము తడిమింది. లోపల ఎవరున్నారో అప్పుడు అర్థమైంది ఆవిడకి.

"ఏమండీ, మీరా?" అంది. "ఇలా వీధిలోకొచ్చారా?"

రాణి హుందాగా తల పంకించింది.

అత్తగారు నవ్వడం మొదలుపెట్టింది. మొదట భుజాలు కదిలాయి, తర్వాత మొత్తం మనిషి ఊగిపోయింది. కళ్ళద్దాలు తీసేసి, మామగారి గుండెల మీద మొహం పెట్టి, ఆగకుండా, ఊపిరందకుండా నవ్వింది. ఆ నవ్వులో ఏడుపు ఎక్కడ కలిసిందో నాకు తెలీలేదు. వెల్వెట్ మీద చుక్కలు పడుతున్నాయి. "వెల్వెట్టు..." అన్నారు మామగారు మామూలు గొంతుతో, కంగారుగా. ఆవిడ వినిపించుకోలేదు. జనం ఈలలు, చప్పట్లు. బస్సు హారను కొట్టింది.

నవ్వింది సరే. తాళం మాట ఏమైంది? అడగడానికి ఎవరికి ధైర్యం ఉంది? అందరం కలిసి డ్రైవింగ్ స్కూలు మేడెక్కాం. అత్తగారు హాలు మధ్య కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్కరే ఆవిడ ముందుకొచ్చి వేషం విప్పుతుంటే, ప్రతిదాన్నీ వేళ్ళతో చూసి, తాడుకి తగిలించమంది. కుందేలు పేషెంటుకి మూతి తిరిగొచ్చింది. "మళ్ళీ ఎప్పుడండీ?" అని అడిగాడు.

అంతలో మెట్ల మీద చప్పుడయింది. మా ఆయన, బావగారు వచ్చారు. వాల్వు కట్టేశారు. మా ఆయన బనీను తడిసిపోయింది, అది పోనీ. కానీ బావగారు ఇంకా ఎలుగుబంటిలోనే ఉన్నారు. అద్దం విప్పుతుంటే మిగిలిన సగం సీలింగు ఆయన నెత్తిన పడిందట. ఎలుగుబంటి చెవుల నుంచి, పంజాల నుంచి, ఆ పొట్టి తోక నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. హాల్లో మడుగు కట్టింది.

ఇది చెమట కాదు. షాపులో, నీళ్ళతో, నిలువునా తడిసిన బట్ట. దీన్ని ఏ రాణి కూడా ఇంకో పేరుతో పిలవడానికి వీల్లేదు.

మామగారి చూపు అత్తగారి పొట్టి జుట్టు మీదికి పోయింది. దగ్గొచ్చింది.

నాకు భయం ఎక్కువైతే కోపంగా బయటికొస్తుంది. "ఎంత పని చేశారు బావగారూ! ముందే ఒక్క ముక్క అనుంటే ఇంత జరిగేదా? ఇవాళే ప్లాను మార్చి రాస్తాను. ప్రమాదం వచ్చినప్పుడు జంతువులు కూడా మాట్లాడొచ్చని మొదటి ముక్కే అది రాస్తాను!" అని అరిచేశాను.

అత్తగారు లేచింది. ధార చప్పుడు పట్టుకుని వెళ్ళి ఎలుగుబంటి చెవి దొరకబుచ్చుకుంది. గట్టిగా పిండింది. నీళ్ళు జలజలా కారాయి. రెండో చెవి పిండింది.

"కుట్టినవన్నీ ఒకేసారి నడుస్తుంటే ఎప్పుడూ చూళ్ళేదు నేను" అంది, ఎవరితోనో అన్నట్టు. "ఇన్నాళ్ళకి చూశాను. అదీ మసక మసగ్గా."

తర్వాత నా వైపు తిరిగింది.

"ఎలుగుబంటి మాట్లాడదు" అంది. "అద్దం జరపండి."

నేను ఇంకా కోపంలోనే ఉన్నాను. "అది కాదత్తయ్యా, రూలంటే రూలే కానీ..." అంటూ ఏదో మొదలుపెట్టాను. మా ఆయన నా కొమ్మ పట్టుకుని లాగారు. మామగారు దగ్గడం మానేశారు. ఆయన మొహం చూశాక గానీ ఆ మాట నా చెవిలోంచి బుర్రలోకి దిగలేదు.

అద్దం జరపండి. తాళం వెయ్యబోయే షాపులో అద్దం ఎందుకు జరుపుతారు?

జడ కత్తిరించుకున్న మనిషి, అన్న మాట ఎన్నడూ దాటని మనిషి, మా అత్తగారు, మా కోసం మాట తప్పింది! నాకు ఎంత సంతోషమైందంటే, వేషం విప్పలేదన్న సంగతి కూడా మర్చిపోయి, ఉన్నచోటే ఎగిరి గంతేశాను. మళ్ళీ గంతేశాను. ఆకులు, కిరీటాలు, గడ్డాలు హాలంతా రాలాయి.

అత్తగారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంది. చప్పుడు వచ్చిన వైపు వేలు చూపించింది.

"అమ్మాయ్, చెట్టు గెంతదు" అంది.